పుట్టుపెద్ద కప్పు తట్టిన రోజులు

దిగుడు 61వ సంవత్సరం, ఎండాకాలం, 40వ రోజు

కప్పు: పదకొండో జంక్షన్‌లో డొల్ల. గాలి: బాగుంది. నీళ్లు: పంపు నడుస్తోంది. ఆసరా దుంగలు: పాతవి ఆరు, కొత్తవి లేవు.

నన్ను పని మానిపించి ఇరవై ఆరేళ్లయినా రిపోర్టు ఇలాగే మొదలుపెడతాను. కప్పు పరీక్షించే ప్రతి సర్దారూ షిఫ్టు దిగాక ఈ నాలుగూ రాసి, కింద సంతకం పెట్టాకే స్నానానికి వెళ్లేవాడు. ఇప్పుడు సర్దార్లు లేరు. ఈ బాయిలో బొగ్గు తవ్వడం అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆగిపోయింది. పైన ఎండ మనుషుల్ని బతకనివ్వనప్పుడు మేమంతా బాయిలోకి దిగి, బొగ్గు తీసిన దారుల్లో గోడలకు సున్నం కొట్టుకుని కాపురాలు పెట్టాం. అప్పుడు నాకు పదిహేడేళ్లు. నెత్తి మీద నూట ఎనభై మీటర్ల బండ ఉంది. ఆ సంగతి రోజూ గుర్తుచేసుకునే మనిషిని నేనొక్కడినే మిగిలాననుకుంటాను.

పదకొండో జంక్షన్ మా అన్నశాల. నాలుగు దారులు కలిసే చోటు కాబట్టి విశాలంగా ఉంటుంది. ఎక్కడ విశాలమో అక్కడే కప్పుకు ఆసరా తక్కువ. మూడు వందల నలభై మంది రెండు పూటలా అక్కడ కూర్చుని తింటారు. ఈ రోజు గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డవాణ్ని, అలవాటు కొద్దీ చేతికర్ర ఎత్తి కప్పును తట్టాను. గట్టి బండ కంచులా మోగుతుంది. ఇది మోగలేదు. ధాన్యం అయిపోయిన గుమ్మిని తట్టినట్టు బోలుగా పలికింది. జానెడు పక్కన తట్టాను. అక్కడా అంతే.

"ఏం బావా, కప్పుకు సలాం గొడ్తున్నవా? అంబలి వోసేది నేను, అది గాదు" అంది వంట బుచ్చక్క. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. బుచ్చక్క ఇరవై ఏళ్లుగా నాకు అంబలి పోస్తోంది, ఇరవై ఏళ్లుగా నన్ను బావా అని ఏడిపిస్తోంది.

తిన్నాక ఒక వెదురుబద్దను కప్పు ఎత్తుకు వేలెడు తక్కువగా కోసి, పొయ్యి వెనక మూలలో నిలబెట్టాను. కప్పు దిగినా, నేల పొంగినా ఆ వేలెడు సందు తగ్గుతుంది.

ఎవరికీ చెప్పలేదు. చెవి వెనక పెద్దరికం ముద్ర లేనివాడు కప్పు బాగాలేదని అంటే అది పుకారు కిందికి వస్తుంది. పుకారు పుట్టించిన మనిషిని అన్నిటికంటే పైనున్న ఒకటో లెవెల్‌కు పంపుతారు. అక్కడ ఎండాకాలంలో యాభై రెండు డిగ్రీలు. నా వయసుకు నాలుగు రోజుల ముచ్చట. కానీ నేను నోరు విప్పకపోవడానికి కారణం అదొక్కటే కాదు.

43వ రోజు

కప్పు: బండ పిండి రాలుతోంది. సందు: సగం వేలు. మిగతావి మామూలే.

రెండో కారణం రాస్తాను. నా రిపోర్టులో నేనే అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం చెప్పగలను?

దిగిన కొత్తలో సర్దార్లే మాకు పెద్దలు. సర్దారు కావాలంటే ఏడేళ్లు ఒక ముసలాయన వెనక కర్ర పట్టుకుని తిరగాలి, తిట్లు తినాలి, పరీక్షలో తప్పాలి, మళ్లీ రాయాలి. నేను రెండుసార్లు తప్పాను. తర్వాత ముప్పై మందికి నేర్పాను. జనాన్ని ఒక చోటు నుంచి లేపే హక్కు కప్పు వినడం తెలిసినవాడికే ఉండేది. ఆ తర్వాత డాక్టర్ మురహరి నెత్తుటి పరీక్ష తెచ్చాడు. పుట్టిన ఏడో రోజున బిడ్డ మడమ నుంచి రెండు చుక్కలు తీసి చూస్తే, ఆ బిడ్డకు నాయకత్వం ఉందో లేదో తేలిపోతుందన్నాడు. ఉన్నవాళ్లకు చెవి వెనక ముద్ర. వాళ్లు పుట్టుపెద్దలు.

సభలో నన్ను అందరి ముందూ అడిగాడు: "కోయిలకు పాట ఎవరు నేర్పిండ్రు ఓదెలూ?"

"దాని గుడ్డును పొదిగి పెంచేది కాకి గద డాక్టర్ సాబ్. ఆ కాకిని గూడ జర యాది జేసుకో" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వు నాకు దక్కింది, ఓట్లు అతనికి పడ్డాయి. మర్నాడు మా కర్రలన్నీ కట్టగట్టి స్టోరులో వేశారు.

ఆ పైన మురహరి ఇంకో మాట చెప్పాడు: విత్తనంలో చెట్టంతా ఉంది, కత్తిరించి పాడుచేయకండి. అందుకని పుట్టుపెద్దలకు ఎవరూ ఎదురు చెప్పకూడదు. ఆటలో ఓడించకూడదు. బడిలో వాళ్ల లెక్క తప్పయితే పంతులు తన జవాబు దిద్దుకోవాలి. వాళ్లు ఒక మాట అంటే దాన్ని వెనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే నెత్తురు ఒట్టిదని తేలినట్టే. ముద్ర గీకేసి ఒకటో లెవెల్‌కు పంపుతారు. నేను రాజుల చరిత్రలు చాలా చదివాను. అన్నింటిలోనూ ఒకటే వరస. తాత గుర్రం మీద, కొడుకు పల్లకిలో, మనవడు మంచంలో. మేం మాత్రం నేరుగా మంచంతోనే మొదలుపెట్టాం.

అలా పెరిగినవాళ్లలో మొదట గద్దె ఎక్కింది కౌసల్య. ఇరవై మూడేళ్ల పిల్ల. ముసలివాళ్లు కూడా ఆమెను పెద్దక్కా అనే పిలుస్తారు. ఇరవై రోజుల కింద దిగుడు పండగలో అన్నశాల మధ్య నిలబడి, "ఈ కప్పు నూరేండ్లు ఉంటది" అని ప్రకటించింది. అందరూ చేతులు ఊడిపోయేట్టు చప్పట్లు కొట్టారు.

ఆ కప్పే ఇప్పుడు దిగుతోంది. దిగనీ అనుకున్నాను. అందరి ముందూ ఆమె మాట అబద్ధం కావాలి, మురహరి ముఖం చూడాలి. మూడు రోజులుగా నన్ను పట్టుకున్న కోరిక ఇదే. అదే కప్పు కింద కూర్చుని రోజూ అంబలి తాగుతున్నాను. మనిషి ఎంత దూరం పోగలడో ఆలోచిస్తే నాకు కప్పు మీద భయం కంటే నా మీద భయం ఎక్కువ వేస్తోంది.

46వ రోజు

కప్పు: అంతే. సందు: లేదు. బద్ద కప్పును తాకింది.

అందరూ నడుం వాల్చే వేళ గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు.

"తాతా, లోపలికి రావొచ్చునా?"

కౌసల్య. పుట్టుపెద్దలు ఎవరినీ అనుమతి అడగరు. నేను లేవలేదు.

"పొయ్యెనక వెదురుబద్ద వెట్టింది నువ్వేనా?"

"నేనే. పైకి పంపుతవా?"

"మొన్న దాని మీద నా వేలు దూరింది. ఇయ్యాల గోరు గూడ దూరుతలేదు. కప్పు దిగుతుందా తాతా, నేల లేస్తుందా?"

"నన్నడుగుతవేంది? నీకు పుట్టుకతోనే వచ్చె గద."

ఆమె నేల మీద కూర్చుంది. చాపైనా వేయమని అడగలేదు.

"ఎక్కిరించు. నన్ను ఎక్కిరించెటోళ్లు గూడ ఎవ్వరు లేరు" అంది. కొంచెం ఆగి మళ్లీ చెప్పింది. "ఏడేండ్లప్పుడు పక్కింటి పోరితోని అష్టాచెమ్మ ఆడిన. రోజు నన్నే గెలిపిస్తున్నరని తెల్సి, ఒక్కనాడు కావాల్నని ఓడిపోయిన. గెలిచినందుకు ఆ పోరిని వాళ్లమ్మ నా ముంగట్నే కొట్టింది. ఇగ ఎన్నడు ఓడిపోలె."

"పండుగనాడు నూరేండ్లు ఉంటదంటివి?"

"డాక్టర్ సాబ్ రాసిచ్చిండు, సదివిన. నాకేం ఎరుక? నేనేమన్న అంటే మూడు వందల నలభై మంది చేస్తరు. ఏమనాల్నో మాత్రం నాకు తెల్వది. తట్టుడు నేర్పు తాతా."

పుట్టుపెద్దకు నేర్పడం నెత్తుటిని అవమానించడమే. దొరికితే నాకూ ఒకటో లెవెలే. అయినా సరేనన్నాను. జాలితో కాదు. నేర్చుకుంటే గెలుపు నా చదువుది, నేర్చుకోలేకపోతే ఓటమి మురహరి నెత్తురుది. రెండు వైపులా నాకే లాభం అనిపించి నోరూరింది.

47వ రోజు

ఎవరూ ఉండని పద్నాలుగో దారిలో మొదటి పాఠం. పది చోట్ల తట్టించి గట్టిదో డొల్లో చెప్పమన్నాను. మూడు సరిగా చెప్పింది. బొమ్మా బొరుసూ వేసుకున్నా అయిదు తగలాలి.

"నీ చెవులు ఏడ వెట్టి వచ్చినవ్?" అన్నాను.

"ఎడమది పుట్టినకాడ్నుంచి ఇనిపియ్యది" అంది.

ముద్ర వేసింది సరిగ్గా ఆ చెవి వెనకే. ఇరవై మూడేళ్లలో ఒక్కరూ కనిపెట్టలేదు. ఆమె "ఆఁ?" అన్నప్పుడల్లా తప్పు తమదేననుకుని గట్టిగా చెప్పారు. నాకు నవ్వొచ్చింది, పగలబడి నవ్వాను. నవ్వు ఆగాక చూస్తే కర్ర ఎత్తి పదకొండో చోటు తడుతోంది. కుడిచెవి అటు తిప్పి, కళ్లు మూసుకుని. తప్పే చెప్పింది. పన్నెండో చోటుకు జరిగింది.

49వ రోజు

కప్పు: రెండు చోట్ల గీతలు. దుంగలు: నాలుగోది కిర్రుమంటోంది.

చెవి లేనివాళ్లకు అరిచెయ్యి ఉంది. నాకు నేర్పిన ముసలాయన చివరి రోజుల్లో అలాగే చూసేవాడు, నేనే మరిచిపోయాను. ఒక చేత్తో కర్ర, రెండో అరిచెయ్యి కప్పుకు ఆనించాలి. గట్టి బండ ఒక్కసారి కొట్టి ఊరుకుంటుంది. వదులైన బండ చేతి కింద వణుకుతూనే ఉంటుంది.

కప్పు అందడానికి రాయి ఎక్కి, చేతులు ఎత్తే ఉంచి, రెండు పూటలు తట్టింది. నేను మెత్తగా ఏమీ చెప్పలేదు. తప్పినప్పుడల్లా "ఇప్పుడు నీ కింద నలభై మంది సచ్చిండ్రు" అన్నాను. సాయంత్రానికి పదిలో ఎనిమిది పట్టింది.

"వదులుది ముసలోళ్ల చెయ్యి లెక్క వణుకుతది" అంది. అని నా చెయ్యి చూసింది. ఇద్దరం నవ్వాం.

వంటా తిండీ ముగిసి అన్నశాల ఖాళీ అయ్యాక అక్కడా తట్టించాను. మొదటి దెబ్బకే కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తాతా, ఇది వణుకుడు గాదు. పైన ఖాళీ ఉన్నది. పలక ఒక్కటే అంటుకొని ఉన్నది."

నాకు కర్ర చాలనిపించింది, కానీ నేనూ చెయ్యి ఆనించాను. ఆమె చెప్పిందే నిజం. నాలుగు దారుల మధ్య ముప్పై అడుగుల పలక, దేన్ని పట్టుకుని ఉందో తెలియకుండా వేలాడుతోంది. దాని కింద రేపటి అంబలికి జొన్నపిండి నానబెట్టి ఉంది.

50వ రోజు

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

కౌసల్య వచ్చి ఏం చేయాలని అడిగింది. అందరినీ పిలిచి, పండగనాడు చెప్పింది తప్పు, కప్పు పడబోతోంది, లేవండి అని చెప్పమన్నాను.

"మాట వాపస్ తీసుకుంటే నన్ను పైకి పంపుతరు."

"పంపుతరు."

"అది సరే. నాకు భయం గాదు అనలేను, భయమే. కాని ఇంకోటున్నది. వాపస్ తీసుకున్న ఘడియ నుంచి నేను పెద్దను గాను. పెద్ద గానోళ్లు లేవుమంటే ఎవరు లేస్తరు? నూరేండ్లు ఉంటదన్నప్పుడే నా నెత్తురు అసలుది, పడ్తదన్నప్పుడు ఒట్టిది అనుకుంటరు. ఇంకింత గట్టిగ ఆడ్నే కూసుంటరు."

ఇది నాకు తట్టలేదని రాద్దామనుకున్నాను. తట్టింది. నిన్నటి నుంచి తెలుసు. తెలిసే ఆ సలహా ఇచ్చాను.

"జనానికి నిజం అలవాటు కావాలె బిడ్డా. ఎప్పుడో ఒకప్పుడు ఒకళ్లు మొదలువెట్టాలె" అన్నాను. పుస్తకాల్లో చదివిన మంచి మాటలు ఇంకో నాలుగు చెప్పాను. నా గొంతు నాకే బాగా వినిపించింది.

ఆమె కుడిచెవి నా వైపు తిప్పి అంతా విన్నది.

"తాతా, గిది మూడు వందల నలభై మంది కోసమా, డాక్టర్ సాబ్ కోసమా?"

"లే. నా ఇంట్ల నుంచి పో" అన్నాను.

వెళ్లిపోయింది.

51వ రోజు

బద్ద విల్లులా వంగింది. నాలుగో దుంగ తల చీలింది. రెండు పూటలూ అందరూ అక్కడే తిన్నారు. నేనూ తిన్నాను. ఒక పిల్ల గిన్నెలో పైనుంచి పిండి రాలితే వాళ్లమ్మ ఊదేసి తాగించింది.

52వ రోజు

పొద్దుటి అంబలికి అందరూ కూర్చోబోతుండగా కౌసల్య మధ్యలోకి వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడి ఆమె నోటి వైపే చూశాను. ఒప్పుకుంటుందనుకున్నాను.

"నాకు తోచింది. ఇయ్యాల్టి సంది అన్నం నాలుగో జంక్షన్ల. ఈడ ఎవ్వరు అడుగు వెట్టొద్దు" అంది.

అంతే. కారణం చెప్పలేదు, కప్పు మాట ఎత్తలేదు, పండగనాటి మాటను ముట్టుకోలేదు. జనం గిన్నెలు పట్టుకుని లేచారు. మురహరి ఒక్క క్షణం బిత్తరపోయి, అంతలోనే వెలిగిపోయాడు. నిజమైన పుట్టుపెద్ద కారణాలు చెప్పదని ఎప్పుడో రాసినవాడు అతనే కదా. నా పక్కనుంచి పోతూ, "చూసినవా ఓదెలూ, ఎవరు నేర్పిండ్రు ఆ ఠీవి?" అన్నాడు.

బుచ్చక్క గరిటె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఎందుకట బావా? ఇన్నేండ్ల పొయ్యి ఇడిసి పొమ్మంటే?"

"తోచిందట."

"తోస్తే తోచింది. నా పులుపు కుండ గోడల పాతివెట్టి ఉండె. పాత పులుపు లేకుంటె ఇగ అంబలి ఎట్ల పులుస్తది? నా కొడుకు రాజలింగును తోల్కొని వచ్చి మెల్లగ తవ్వుకపోత."

"ఊఁ" అన్నాను.

వెళ్లకు, కప్పు పడుతుంది అనవచ్చు. బుచ్చక్క నోట్లో మాట పడితే పొద్దు వాలేసరికి మూడు వందల నోళ్లలో ఉంటుంది. అప్పుడు కౌసల్య మాట తప్పినట్టు బయటపడి జనం మళ్లీ ఇక్కడికే వచ్చి కూర్చుంటారు. అందుకే చెప్పలేదని రాస్తే సరిపోతుంది. కానీ ఆ క్షణం నేను మురహరి నవ్వు గురించి ఆలోచిస్తున్నాను. బుచ్చక్క మాట సగమే విన్నాను.

53వ రోజు

కప్పు: పదకొండో జంక్షన్ పడింది.

నాలుగో జంక్షన్‌లో మధ్యాహ్నం తిండి మొదలైంది. ముందు చెవులు మూసుకుపోయాయి. తర్వాత గాలి వచ్చింది. గోడలా వచ్చి దీపాలన్నీ ఒక్కసారి ఆర్పేసింది, కూర్చున్నవాళ్లను వెనక్కి పడేసింది. శబ్దం అన్నిటికంటే చివర వచ్చింది. చీకట్లో నోటినిండా దుమ్ము. పిల్లలు ఏడవడానికి కూడా ఊపిరి దొరకలేదు.

దీపాలు వెలిగాక ఎవరో అరిచారు: "పెద్దక్కకు తోచింది! ముందే తోచింది!"

ఒకరి తర్వాత ఒకరు ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. మురహరి ఏడుస్తున్నాడు, సంతోషంతో. కౌసల్య మాత్రం పెదవులు కదుపుతూ మనుషుల్ని లెక్కపెడుతోంది. రెండోసారి లెక్కపెట్టాక నా వైపు చూసింది. అప్పుడు నేనూ వెతికాను. గరిటె ఇంకెవరి చేతిలోనో ఉంది.

పంపు దగ్గర పని తెమలక రాజలింగు రాలేదట. తల్లి ఒక్కతే కుండ కోసం వెళ్లిందట. బండల అంచున ఒక చెప్పు దొరికింది. మిగతాది దొరకదు, అంత బండను కదిపే మనుషులు మా దగ్గర లేరు.

"మాట మీరింది. గందుకే పోయింది" అంది ఒక ఆడమనిషి. ఆమె చేతిలో ఉన్నది బుచ్చక్క పొద్దున కాచిన అంబలి.

నలభయ్యో రోజున నాకు తెలుసు. పదమూడు రోజులు. సంతకం చేసి రాస్తున్నాను.

దుర్గం ఓదెలు.

54వ రోజు

కప్పు: తొమ్మిదో జంక్షన్ వణుకుతోంది.

ఒక చోట పడితే ఆ బరువు పక్క బొగ్గు స్తంభాల మీద పడుతుంది. తొమ్మిది చుట్టూ అరవై రెండు ఇళ్లున్నాయి. పొద్దున కౌసల్య వచ్చినప్పుడు రెండు అరిచేతులూ వాచి ఉన్నాయి. రాత్రంతా ఒక్కతే తట్టిందట.

"తొమ్మిది పోతది. ఇయ్యాలనో రేపో. రెండో లెవెల్‌కు ఎక్కియ్యాలె అందర్ని" అంది.

రెండో లెవెల్‌లో నలభై నాలుగు డిగ్రీలు. పసిపిల్లలతో, ముసలివాళ్లతో అక్కడికి ఎక్కమంటే, ఆమె మీద నమ్మకం రవ్వంత బీట వారినా ఎక్కరు. ఆమె నన్నేమీ కోరలేదు. సంగతి చెప్పి వెళ్లిపోయింది.

నాలుగో జంక్షన్‌లో అందరినీ కూర్చోబెట్టారు. ఆమె నోరు తెరిచేలోపు రాజలింగు లేచాడు. నలభై ఏళ్ల మనిషి, పంపు నడిపే చేతులు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"పెద్దక్కా, ఒక్కటి అడుగుత. కప్పు పడ్తదని నీకు ముందే తెల్సా? తెలిస్తె మా అవ్వకు ఎందుకు జెప్పలె? తోచింది అనుడు గాదు. కప్పు పడ్తది అని ఒక్క మాట అంటె మా అవ్వ కుండ కోసం పోతుండెనా?"

పుట్టుపెద్దను అలా అడగడం ఆ గుంపులో చాలామంది జీవితంలో మొదటిసారి వినడం. వెనక వరసలో గుసగుస పుట్టింది. ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఇన్నేళ్లుగా నేను కోరుకున్నది అదే. ఒక మనిషి లేచి ఎందుకని అడగడం.

"నెత్తుటికి తెలుస్తది రాజలింగూ, మాటలకు అందది" అన్నాడు మురహరి.

"నిన్ను అడుగుతలేను డాక్టర్ సాబ్." రాజలింగు నా వైపు తిరిగాడు. "ఓదెలు తాతా, నువ్వు సర్దారువు. మా అవ్వ నిన్ను బావా అన్నది. నువ్వు జెప్పు. పద్నాలుగో దారిల నువ్వు ఈమెకు కర్ర పట్టిస్తుంటె పంపు కాడికి పోతు నేను చూసిన. అప్పుడేం సమజ్ గాలె. ఈమె తట్టి తెల్సుకున్నదా? తెల్సి దాసిందా?"

మురహరి ముఖం బూడిదలా అయింది. అతనికి మొదటిసారి అనుమానం వచ్చింది. నేను చూడాలనుకున్న ముఖం నాలుగు అడుగుల దూరంలో ఉంది. అవును, తట్టింది, నేను నేర్పాను, పదిలో మూడు నుంచి ఎనిమిదికి వచ్చింది, మీ నెత్తురుకు ఎడమచెవి కూడా లేదు అంటే చాలు. అది నిజం కూడా. రాజలింగుకు రావలసిన నిజం.

కౌసల్య నన్ను చూడటం లేదు. గుంపులో తొమ్మిదో జంక్షన్ వాళ్లు కూర్చున్న వైపు చూస్తోంది. అక్కడ ఒక బాలింత బిడ్డను ఒళ్లో వేసుకుని జోకొడుతోంది.

"కర్ర పట్టుడు ఒట్టిగనే సూపిచ్చిన" అన్నాను. "ఆమెకు రాలె. చెవి పట్టలె. తట్టి తెల్సుకున్నది గాదు బిడ్డా. పుట్టుకతోనే వచ్చింది. నేను ఇన్నేండ్లు తప్పన్న. డాక్టర్ సాబ్ చెప్పిందే నిజం."

"మరి మా అవ్వ?"

"మాట మీరింది" అన్నాను.

మురహరి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. అతని ఎముకలు నా ఎముకలకు గుచ్చుకున్నాయి. రాజలింగు నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత అతని కళ్లలో ఏదో అణిగిపోయింది. నీళ్లు ఇంకిపోయినట్టు, ఎటు పోయిందో తెలియకుండా పోయింది.

"నాకు తోచింది" అంది కౌసల్య. గట్టిగానే వినిపించింది. "ఈడున్నోళ్లంత రెండో లెవెల్‌కు. ఇప్పుడే. ఏం తీసుకోవొద్దు."

ఒక్కరూ ఎందుకని అడగలేదు. ఎంతకాలమని అడగలేదు. పిల్లలకు నీళ్లెలా అని కూడా అడగలేదు. మూడు వందల ముప్పై తొమ్మిది మంది ఒక్క కదలికతో లేచి, మెట్ల దారి వైపు తిరిగారు. ఆమె చెయ్యెత్తి అటు కాదు ఇటు అని పడబోయే కప్పు కిందికి చూపించినా అలాగే తిరిగేవాళ్లు.

అందరికంటే ముందు లేచింది రాజలింగు.